ఒకే పెట్టె, నాలుగు గదులు: దాత ఇచ్చిన కంప్యూటర్‌ను సొసైటీ ఎలా వాడుకోవాలి?



2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. దుకాణాల్లో, ఆఫీసుల్లో, స్కూళ్లలో ఇప్పటిదాకా నడిచిన ఎన్నో కంప్యూటర్లు విండోస్ 11కు సరిపోక పక్కకు చేరుతున్నాయి. యంత్రం చెడిపోలేదు, దానిలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం గడువు తీరింది. ఇలాంటివి సొసైటీకి ఇస్తే ఉపయోగపడతాయా అని అడిగే దాతలకు మా జవాబు ఒక్కటే: తప్పకుండా పడతాయి. కొంచెం బలమైనది ఒక్కటి ఉన్నా సొసైటీకి కావలసిన నాలుగు పనులు దానితోనే, ఒకదానికొకటి తగలకుండా చేసుకోవచ్చు. అది ఎలాగో, ఎందుకు అలాగే చేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాం. కంప్యూటర్ చదువు లేనివారికి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాం. పని చేయబోయే యువకులకు కావలసిన మెట్లు కూడా ఇందులోనే ఉన్నాయి.

పద్దులు వేరైతే గదులూ వేరే

బైతుల్‌మాల్ చూసే ఎవరికైనా మొదట తెలిసే నియమం పద్దులు కలపకూడదని. జకాత్ వేరు, సదఖా వేరు, ఫిత్రా వేరు, లిల్లాహ్ వేరు. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్‌లో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించబడి ఉంది. ఆ సొమ్మును ఇంకో సొమ్ముతో కలిపేస్తే ఎవరి హక్కు ఎవరికి చేరిందో చెప్పలేం. రాతకోతల విషయంలో కూడా మన దీన్ ఎంతో జాగ్రత్త నేర్పింది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అంటే బఖరా సూరా 282వ ఆయత్, అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించీ, సాక్షుల గురించీ చెప్పేదే.

సొమ్ము విషయంలో ఇంత జాగ్రత్తపడే మనం సమాచారం విషయానికి వచ్చేసరికి అన్నీ ఒకేచోట పోస్తున్నాం. చిన్న సంస్థల ఆఫీసుల్లో సాధారణంగా ఒకటే కంప్యూటర్ ఉంటుంది. చందాల లెక్క అందులోనే. వితంతువుల అర్జీలు, ఆధార్ నకళ్లు, ఆసుపత్రి కాగితాలు, పిల్లల స్కాలర్‌షిప్ జాబితా అందులోనే. సాయంత్రం అయితే పిల్లలు వచ్చి కూర్చుని ప్రాజెక్టు పనులు చేసుకునేదీ అదే. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉంటే ఏడాది లెక్కలన్నీ పోవచ్చు. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. గుట్టుగా సంసారం నెట్టుకొస్తూ, ఎవరికీ తెలియకూడదని సహాయం తీసుకున్న ఒక అమ్మ పేరు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోవచ్చు. పోయిన డబ్బు మళ్లీ పోగు చేయవచ్చు, పోయిన ఇజ్జత్‌ను తెచ్చి ఇవ్వలేం. ఆ జాబితా మన దగ్గర ఉన్న అమానత్. డిజిటల్ రూపంలో ఉన్న వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే బాధ్యత గురించి 2023లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం కూడా చేసింది.

అయితే నాలుగు పనులకు నాలుగు కంప్యూటర్లు కొనాలా? నాలుగు యూపీఎస్‌లు, నాలుగింటి కరెంటు బిల్లు, నాలుగింటి మరమ్మతు భరించాలా? అవసరం లేదు. ఒకే ఇంట్లో నాలుగు గదులు కట్టి, గదికో తలుపు, తలుపుకో తాళం పెట్టినట్టు ఒకే కంప్యూటర్‌లో నాలుగు కంప్యూటర్లను నడపవచ్చు. ఇలా లోపల నడిచే కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ అంటారు. గదులు కట్టి, ఏ గదికి ఎంత చోటు ఇవ్వాలో పంచిపెట్టే మేస్త్రీ లాంటి సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు.

ఇది పాత విద్యే

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. 1960లలో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. కొనగలిగేది పెద్ద సంస్థలే. అంత ఖరీదైన యంత్రాన్ని ఒక్కరే వాడితే వృథా అని, పలువురు ఎవరికి వారు తమదే అనుకుని వాడుకునే ఉపాయం ఐబీఎం సంస్థ ఇంజనీర్లు కనిపెట్టారు. 1972లో వీఎం/370 పేరుతో దాన్ని విడుదల చేశారు. చిన్న కంప్యూటర్లకు ఈ విద్యను తెచ్చిన వాటిలో 1998లో మొదలైన వీఎంవేర్ ముఖ్యమైనది. 2007లో కేవీఎం అనే భాగం లైనక్స్‌లోనే చేరింది. అప్పటినుంచి లైనక్స్ ఉన్న ఏ తగిన కంప్యూటరైనా హైపర్‌వైజర్ కాగలుగుతోంది.

లైనక్స్‌ను 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. దాన్ని జీపీఎల్ అనే లైసెన్సు కింద పంచుతున్నారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. మార్చి ఇచ్చేవారు తాము పొందిన స్వేచ్ఛనే తీసుకునేవారికి కూడా ఇవ్వాలి. మనవాళ్లకు వక్ఫ్ సంగతి తెలుసు. వక్ఫ్ చేసిన ఆస్తిని అమ్మకూడదు, ఒకరి సొంతం చేయకూడదు, దాని ఫలం మాత్రం అందరికీ అందాలి. రెండూ ఒకటని మేము అనడం లేదు గాని, పోలిక అర్థం కావడానికి పనికొస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏళ్లుగా లైనక్స్‌తోనే కంప్యూటర్ చదువు నడుపుతున్నాయి. మన తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ అనే సంస్థ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి కృషి చేసింది.

కంపెనీ ఉచితంగా ఇచ్చేదానికీ దీనికీ తేడా ఉంది. వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. 2024 మొదట్లో ఉచిత హైపర్‌వైజర్ పంపిణీ ఆపేశారు, 2025లో మళ్లీ ఇచ్చారు. ఇచ్చేదీ ఆపేదీ వాళ్ల ఇష్టం. విరాళాలతో నడిచే సంస్థ అలాంటి ఇష్టాయిష్టాల మీద ఆధారపడకపోవడం మంచిది. అందుకే మేము ప్రాక్స్‌మాక్స్ అనే హైపర్‌వైజర్‌ను సూచిస్తున్నాం. ఆస్ట్రియా దేశంలో తయారై 2008లో విడుదలైంది. కేవీఎం మీదే నడుస్తుంది. ప్రోగ్రామ్ ఉచితం. చందా లేదని తెరమీద ఒక సందేశం కనిపిస్తుంది. ఆ చందా వాళ్ల సాయం కావాలనుకునేవారికే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

అచ్చు చిన్నదైతే గది తేలిక

హైపర్‌వైజర్ గదులు కడుతుంది సరే, ప్రతి గదిలో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలి కదా. దాన్ని ముందే సిద్ధం చేసిన ఫైల్‌ను ఇమేజ్ అంటారు. ఇటుకలకు అచ్చు ఎలాంటిదో వర్చువల్ మెషీన్లకు ఇమేజ్ అలాంటిది. అచ్చు ఒక్కసారి జాగ్రత్తగా చేసుకుంటే ఎన్ని ఇటుకలైనా ఒకే తీరుగా వస్తాయి.

పాత యంత్రం మీద బరువైన అచ్చు పెట్టకూడదు. విండోస్ 11 ఇన్‌స్టాల్ చేసే ఫైలే ఐదు జీబీల పైమాట. ఆల్పైన్ లైనక్స్ వర్చువల్ మెషీన్ల కోసం ప్రత్యేకంగా ఇచ్చే ఫైల్ వంద ఎంబీ కూడా ఉండదు. 256 ఎంబీ మెమరీ ఇచ్చినా నడుస్తుంది. బొమ్మలు, మెనూలు లేకుండా పనికి కావలసినంతే ఉంటుంది కాబట్టి అది అంత తేలిక. ఉన్నవి తక్కువైతే చెడేవీ తక్కువే, దొంగ దూరే కిటికీలూ తక్కువే. ఏదైనా ప్రోగ్రామ్ ఆల్పైన్ మీద నడవనని మొరాయిస్తే ఆ ఒక్క గదికి డెబియన్ లైనక్స్ పెట్టుకోవచ్చు. అది కొంచెం పెద్దదైనా తేలికైనదే.

8 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్‌లో పంపకం ఇలా చేయవచ్చు. హైపర్‌వైజర్‌కు 2 జీబీ. లెక్కల గదికి 1 జీబీ. అర్జీల గదికి 1 జీబీ. చదువుల గదికి 2 జీబీ. కొత్తగా లైనక్స్ నేర్చుకునే పిల్లల సాధన గదికి 1 జీబీ. మొత్తం 7 జీబీలు, ఇంకా 1 జీబీ మిగులుతుంది. 16 జీబీ ఉంటే మరీ సుఖం. లెక్కలు, అర్జీల గదుల్లో ఫైళ్లు భద్రపరచి బల్ల మీది కంప్యూటర్లకు అందించే సాంబా అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. చదువుల గదిలో కివిక్స్ అనే ప్రోగ్రామ్ పెడితే ఇంటర్నెట్ లేకపోయినా తెలుగు వికీపీడియా చదువుకోవచ్చు. నెట్ డబ్బులు లేని ఇంటి పిల్లకు అది ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. లెక్కలు టాలీలో రాసే సంస్థలకు ఆ గదిలో విండోస్ కావాలి, దానికి లైసెన్సు కొనాలి, మెమరీ కూడా ఎక్కువ ఇవ్వాలి. దొంగ నకలు వాడి అమానత్‌ను కాపాడతామనడం కుదరదు.

చేసే పద్ధతి, మెట్టు మెట్టుగా

ఒకటి. దాత ఇచ్చిన కంప్యూటర్‌లో ఆయన సొంత ఫైళ్లు ఏమైనా మిగిలి ఉన్నాయేమో ఆయన్నే అడిగి ఆయనకే అప్పగించాలి. ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చేస్తే డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇతరుల ఫోటోలు, కాగితాలు మన దగ్గర ఉండడం కూడా అమానత్ లెక్కే.

రెండు. ప్రాసెసర్ 64 బిట్‌దై ఉండాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే బయాస్ సెట్టింగుల్లో వర్చువలైజేషన్ అనే మీట వేయాలి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అనీ, ఏఎమ్‌డీ అయితే ఎస్‌వీఎమ్ అనీ ఉంటుంది. చాలా యంత్రాల్లో ఇది ఆపివేసి ఉంటుంది. యంత్రం పనికిరాదని పక్కన పెట్టే ముందు ఈ ఒక్కటి చూడండి.

మూడు. ప్రాక్స్‌మాక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇన్‌స్టాల్ చేయాలి. తర్వాత ఆ పెట్టెకు మానిటర్, కీబోర్డు అక్కర్లేదు. అదే నెట్‌వర్క్‌లోని మరో కంప్యూటర్ బ్రౌజర్‌లో దాని ఐపీ అడ్రస్, 8006 అనే పోర్టు నంబరు కొడితే నిర్వహణ పేజీ వస్తుంది.

నాలుగు. ఆల్పైన్ ఇమేజ్‌ను దాని సొంత వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. ఎవరో పంపిన నకలు తీసుకోకూడదు. దించుకున్నాక సరిచూడాలి. ఇమేజ్ పక్కనే ఎస్‌హెచ్‌ఏ-256 అనే 64 అక్షరాల వేలిముద్ర ఇస్తారు. మన దగ్గరకు చేరిన ఫైల్‌కు కూడా లెక్క కడితే అదే రావాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైల్‌ను పారేసి మళ్లీ తెచ్చుకోవాలి. రసీదు చూడకుండా చందా జమ కట్టం కదా, ఇదీ అంతే.

ఐదు. నిర్వహణ పేజీలో కొత్త వర్చువల్ మెషీన్ సృష్టించాలి. ప్రాసెసర్ కోర్ ఒకటి, మెమరీ 512 ఎంబీ, డిస్క్ 8 జీబీ చాలు. తర్వాత గదిని బట్టి పెంచుకోవచ్చు. ఎనిమిది జీబీలు ఇస్తామన్నంత మాత్రాన అంతా ఒకేసారి పట్టుకోదు, వాడినంతే తీసుకునే పద్ధతి ఉంది. మెషీన్ మొదలయ్యాక రూట్ అనే పేరుతో లోపలికి వెళ్లి, సెటప్-ఆల్పైన్ అనే ఆజ్ఞ ఇవ్వాలి. అది ఒక్కొక్కటే ప్రశ్న అడుగుతుంది: కీబోర్డు, మెషీన్ పేరు, నెట్‌వర్క్, పాస్‌వర్డ్, సమయ మండలం, డిస్క్. సమయ మండలానికి ఆసియా, కోల్‌కతా అని ఇవ్వాలి. డిస్క్ ప్రశ్నకు సిస్ అని జవాబిస్తే శాశ్వతంగా ఇన్‌స్టాల్ అవుతుంది.

ఆరు. కావలసిన అప్‌డేట్లు వేసి, సరిగ్గా నడుస్తోందని చూసుకుని, మెషీన్‌ను ఆపి, టెంప్లేట్‌గా మార్చాలి. ఇదే మన అచ్చు. దాని నుంచి నాలుగు నకళ్లు తీస్తే నాలుగు గదులు. ఒక్కో నకలుకు పట్టేది కొన్ని నిమిషాలే. ఈ అచ్చునే బ్యాకప్ ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో ఆళ్లగడ్డకు పంపితే అక్కడి కంప్యూటర్‌లో మొదటినుంచి చేయనక్కర్లేదు.

తాళాలు మార్చడం మరవకూడదు

నకలు తీయడంలో ఒక ప్రమాదం ఉంది. నకలు అంటే అన్నీ నకలే, తాళంచెవులతో సహా. అచ్చులో పెట్టిన పాస్‌వర్డే నాలుగు గదుల్లో ఉంటుంది. దూరం నుంచి లోపలికి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు కూడా నాలుగింటికీ ఒకటే అవుతాయి. సాధన గదిలో నేర్చుకునే పిల్లవాడికి చెప్పిన పాస్‌వర్డే అర్జీల గదిని కూడా తెరిస్తే మనం కట్టిన గోడలు గోడలు కావు. అందుకే నకలు తీసిన వెంటనే ప్రతి గదికి మెషీన్ పేరు, పాస్‌వర్డ్, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు కొత్తగా పెట్టాలి. ఎలాంటి సమాచారం చేరకముందే ఈ పని పూర్తి కావాలి.

గదుల మధ్య నెట్‌వర్క్ దారి కూడా మూయాలి. చదువుల గదిని పిల్లల కంప్యూటర్లు చూడవచ్చు. అర్జీల గది మాత్రం కమిటీ వాళ్ల కంప్యూటర్లకే కనపడాలి. ప్రాక్స్‌మాక్స్‌లోనే ఉన్న ఫైర్‌వాల్‌తో ఏ గదికి ఎవరు రావచ్చో నియమం రాయవచ్చు. ఇక అన్ని గదుల మీదా అధికారం ఉన్న హైపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఒక్కరి జేబులో ఉండకూడదు, పదిమందికి తెలియకూడదు. ఇద్దరికి అప్పగించి, ఒక ప్రతిని సీలు వేసిన కవరులో సొసైటీ లాకరులో పెట్టాలి. మనుషులం, ఎవరికి ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు. తాళం తెలిసిన మనిషితోపాటు అనాథల జాబితా కూడా పోకూడదు.

నంద్యాల ప్రతి ఆళ్లగడ్డలో ఉండాలి

ఈ పద్ధతిలో ఉన్న లోపం కూడా దాతలకు తెలియాలి. ఇల్లు ఒకటే కాబట్టి పునాది కదిలితే నాలుగు గదులూ కదులుతాయి. డిస్క్ పాడైతే నాలుగు పనులూ ఒకేసారి ఆగిపోతాయి. పైగా మన ప్రాంతపు మే నెల ఎండలు, మధ్యాహ్నం పోయే కరెంటు యంత్రాలకు మంచివి కావు. యూపీఎస్ తప్పనిసరి. బ్యాటరీ అయిపోయే లోపు పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోయేలా, కరెంటు వచ్చాక గదులన్నీ మళ్లీ మొదలయ్యేలా అమర్చుకోవాలి.

స్నాప్‌షాట్ తీశాం కదా, అదే బ్యాకప్ అనుకోవద్దు. స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటుంది, డిస్క్ పోతే అదీ పోతుంది. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. వేరే ఊరు ఎందుకో కర్నూలు చూసినవారికి చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పట్టణాన్ని ముంచినప్పుడు ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు ఒక్కటేమిటి, అన్నీ నీళ్లపాలయ్యాయి. నంద్యాల పక్కనే కుందూ నది ఉంది. ఆళ్లగడ్డ నంద్యాలకు దాదాపు 40 కిలోమీటర్లు, కడప వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది. వారానికి ఒకసారి వచ్చిపోయేవారి చేతికి ఒక డిస్క్ ఇచ్చి పంపడం కష్టమేమీ కాదు. అయితే దారిలో పోగొట్టుకున్నా ఎవరూ చదవలేకుండా ఆ డిస్క్‌ను గుప్తలిపిలో పెట్టి పంపాలి.

పంపితే సరిపోదు. నెలకొకసారి ఆళ్లగడ్డ పెట్టెలో ఆ బ్యాకప్ నుంచి గదిని మళ్లీ లేపి చూడాలి. ఫైళ్లు తెరుచుకుంటున్నాయా, లెక్క సరిపోతోందా పరీక్షించి, తేదీ వేసి, పుస్తకంలో సంతకం చేయాలి. పరీక్ష ముగిశాక లేపిన గదిని చెరిపేయాలి. లేపి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోకూడదు.

ఏ పద్దు నుంచి ఖర్చు పెట్టాలి?

దాతలు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఇది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్మును అర్హుడైన పేదవానికి సొంతం చేయాలి. దీన్నే తమ్లీక్ అంటారు. భవనానికి, సామానుకు, కంప్యూటర్‌కు జకాత్ ఖర్చు పెడితే ఆ షరతు నెరవేరదు. కాబట్టి ఈ పెట్టెకు, యూపీఎస్‌కు, డిస్కులకు లిల్లాహ్ లేదా అతియా పద్దు నుంచే ఖర్చు చేయాలి. సందేహం ఉంటే మన ముఫ్తీ సాహెబుల సలహా తీసుకోండి. పదిమంది పిల్లలు చదువుకునేంత కాలం నిలిచే వస్తువు ఇవ్వడం సదఖయె జారియా అవుతుందని ఆశిద్దాం.

ఇవ్వదలచినవారికి మా మనవి ఇది. 64 బిట్ ప్రాసెసర్, 8 జీబీ లేదా అంతకన్నా ఎక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్లు ఇవ్వండి. పాత కంప్యూటర్ల నుంచి తీసిన మెమరీ కార్డులు కూడా పనికొస్తాయి. డిస్క్ మాత్రం కొత్త ఎస్ఎస్‌డీ అయితే మంచిది, ఎందుకంటే యంత్రం పాతదైనా ఫరవాలేదు, అమానత్ పెట్టే చోటు గట్టిగా ఉండాలి. యూపీఎస్ బ్యాటరీ ఇవ్వండి. పూర్తిగా పనికిరానివి ఇస్తే వాటిని పారవేసే బరువు సొసైటీ మీద పడుతుందని గుర్తుంచుకోండి.

వీటన్నిటికన్నా విలువైనది మనిషి సమయం. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఇదే పని ఉద్యోగంగా చేస్తున్న మన పిల్లలు ఉన్నారు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఒక రోజు కేటాయించి, ఇక్కడి ఇద్దరు యువకులను పక్కన కూర్చోబెట్టుకుని పైన చెప్పిన ఆరు మెట్లు చేయించండి. చేసి పెట్టి వెళ్లిపోవద్దు, చేతులు వాళ్లవే ఆడనివ్వండి. సాధన గది ఉన్నది అందుకే. అక్కడ తప్పు చేస్తే ఆ గదిని చెరిపి అచ్చు నుంచి మళ్లీ తీసుకోవచ్చు, పక్క గదికి ఏమీ కాదు. ఆ విద్య నేర్చిన పిల్లవాడికి రేపు అదే బతుకుదెరువు కావచ్చు.

దాత రూపాయి ఎక్కడ ఖర్చయిందో చూపించగలగాలి, తీసుకున్నవారి పేరు మాత్రం బయటపడకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే లెక్కల గది వేరు, అర్జీల గది వేరు ఉండాలి. ఒక పాత పెట్టె, ఒక చిన్న ఇమేజ్, కొంత శ్రద్ధ ఉంటే అది మన నంద్యాలలో, మన ఆళ్లగడ్డలో అయ్యే పనే.

ఇచ్చినవారి సొమ్ములో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. అప్పగించిన అమానత్‌ను కాపాడే శక్తి మనందరికీ కలిగించుగాక. ఆమీన్.